కహ్రుబాలో చిక్కిన పెంకు పురుగు: దాని పేరు, ఊరు, వంశం

మన ఇళ్లలో పెద్దల చేతుల్లో రకరకాల తస్బీహ్‌లు చూస్తూ ఉంటాం. ఖర్జూరపు గింజలవి, చందనపువి, గాజువి, ఎక్కువగా ప్లాస్టిక్‌వి. ఎక్కడో ఒక ఇంట్లో మాత్రం తేనె రంగు పూసలది ఒకటి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. రాయిలా చల్లగా కాక గోరువెచ్చగా తగులుతుంది. హజ్‌కు వెళ్లినవారో, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారో తెచ్చి ఉంటారు. దాన్ని కహ్రుబా అంటారు. పారశీకంలో 'కాహ్' అంటే గడ్డిపరక, 'రుబా' అంటే లాక్కునేది. ఉన్ని గుడ్డకు రుద్ది గడ్డిపరక దగ్గర పెడితే లాక్కుంటుంది గనుక ఆ పేరు. అరబ్బీలో ఈనాడు కరెంటును 'కహ్రబా' అనడం కూడా ఇందులోంచి వచ్చిందే. సంస్కృతంలో దీన్ని 'తృణమణి' అన్నారు. భాషలు వేరైనా అందరూ గమనించింది గడ్డిపరకనే. ఇంగ్లీషువారి 'అంబర్' మాత్రం దారి తప్పి వచ్చిన మాట. అరబ్బీలో 'అంబర్' అంటే తిమింగలం పేగుల్లో తయారయ్యే సుగంధ ద్రవ్యం, అత్తరు దుకాణాల్లో దొరికేది. రెండూ సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చేవే కాబట్టి పడమటి దేశాలవారు ఒకదాని పేరు రెండోదానికి తగిలించారు.

కహ్రుబా రాయి కాదు, చెట్టు బంక. అదీ తుమ్మబంక లాంటిది కాదు, అది నీళ్లలో కరుగుతుంది. ఇది గుగ్గిలం, లోబాన్ లాంటి జిగురు. చెట్టుకు గాయమైనప్పుడు కారి, మట్టిలో కప్పడిపోయి, లక్షలు, కోట్ల ఏళ్లు గడిచేసరికి అందులోని ఆవిరయ్యే నూనెలు పోయి, మిగిలినది ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడుతుంది. ఇంకా పూర్తిగా గట్టిపడని, వయసు తక్కువైన జిగురును కోపాల్ అంటారు. బజారులో కహ్రుబా పేరుతో అమ్మేవాటిలో కోపాల్ చాలా ఉంటుంది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది పూస గురించి కాదు, దాని లోపల అప్పుడప్పుడు కనిపించే పురుగు గురించి. అందులోనూ ఒక్క వర్గం గురించి: పెంకు పురుగులు. మన హాస్టల్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. 'ఎప్పుడో చచ్చిపోయి, బంకలో ఇరుక్కుపోయి, సగం కనిపించీ కనిపించని పురుగును చూసి, ఇది ఫలానా జాతి అని ఎలా చెబుతారు? చెప్పినా అది నిజమని నమ్మడమెలా?' మంచి ప్రశ్న. ఈ శాస్త్రం నిలబడేదీ పడిపోయేదీ ఆ రెండో భాగం మీదనే.

ముందు పెంకు పురుగు అంటే ఏమిటో చూద్దాం. బియ్యంలో తిరిగే ముక్కు పురుగు, గోధుమపిండిలో పట్టే ఎర్రని పిండి పురుగు, పేడను ఉండచేసి దొర్లించే పేడ పురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, పొలంలో పేనుబంకను తిని రైతుకు మేలుచేసే అక్షింతల పురుగు, వానాకాలం రాత్రుల మిణుగురు, ఇవన్నీ ఒకే వర్గం. తొలకరికి నేల మీద మఖమల్ ముక్కలా తిరిగే ఆరుద్ర పురుగు మాత్రం ఇందులోది కాదు. దానికి ఎనిమిది కాళ్లు, అసలు కీటకమే కాదు. పెంకు పురుగులకు ముందు జత రెక్కలు గట్టిపడి పెంకులా మారి, వెనక జత మెత్తని రెక్కలను కప్పి ఉంచుతాయి. ఆ రెండు పెంకులూ వీపు మధ్యలో తలుపు రెక్కల్లా తిన్నగా కలుస్తాయి. ఇప్పటివరకు పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. అంటే మనిషి పేరు పెట్టిన జంతుజాతుల్లో దరిదాపు నాలుగో వంతు. బంకలో దొరికిన ఒక పురుగు పేరు చెప్పాలంటే ఈ 4 లక్షల గుంపులో దాని చోటు వెతకాలన్నమాట.

మొదటి ప్రశ్న పురుగుది కాదు, దాన్ని పట్టుకున్న బంకది. అది అసలైనదేనా? ఇంట్లో చేయగల పరీక్ష ఒకటి చెబుతాం. గోరువెచ్చని నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి పూసను వేస్తే కహ్రుబా తేలుతుంది. గాజు, బేకలైట్ మునుగుతాయి. కానీ కొన్ని ప్లాస్టిక్‌లూ తేలతాయి, కోపాల్ కూడా తేలుతుంది. గడ్డిపరకను లాగే పరీక్ష అసలే పనికిరాదు, తల దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెన కూడా కాగితం ముక్కలను లాగుతుంది కదా. స్పిరిట్ గానీ, గోళ్లరంగు తుడిచే ద్రవం గానీ ఒక చుక్క వేస్తే కోపాల్ పైపొర జిగటగా అవుతుంది. అయితే పూస పాడవుతుంది గనుక పెద్దల వస్తువు మీద అది చేయకండి. ప్రయోగశాలల్లో పరారుణ కాంతితో బంక రసాయన ముద్రను చదువుతారు. అదే నమ్మదగిన పద్ధతి. ఇంకో మాట: పూస మధ్యలో, సరిగ్గా నట్టనడుమ, కాళ్లన్నీ అందంగా చాపుకుని పెద్ద పురుగు కనిపిస్తే మొదట అనుమానించండి. నిజంగా చిక్కుకున్న పురుగు గింజుకుంటుంది. కాలొకటి విరిగి ఉంటుంది, చుట్టూ బుడగలూ గీతలూ ఉంటాయి.

మోసం అమాయకుల ఇళ్లకే పరిమితం అనుకోకూడదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో బాల్టిక్ తీరపు అంబర్ ముక్క ఒకటి ఉంది. అందులో ఒక ఈగ. దాన్ని 1850లో లోవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించాడు. 1966లో కీటక వర్గీకరణలో అందరూ గురువుగా భావించే హెన్నిగ్ కూడా పరిశీలించి, ఇది ఈనాటి మరుగుదొడ్డి ఈగే, కోట్ల ఏళ్లుగా మారకుండా ఉందని రాశాడు. 1993లో ఆండ్రూ రాస్ దాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తుండగా దీపపు వేడికి ఒక పగులు కనిపించింది. చూస్తే ఎవరో ముక్కను రెండుగా కోసి, ఒక సగంలో గుంత తవ్వి, మామూలు ఈగను పెట్టి అతికించారు. అంబర్ నిజం, ఈగ అబద్ధం. నూట నలభై ఏళ్లకు పైగా నడిచిన ఆ అబద్ధం ఒక జాతి వయసును కోట్ల సంవత్సరాలు వెనక్కి నెట్టింది. మారని జీవి అన్న మాట పుస్తకాల్లోకి ఎక్కాక, దాన్ని ఆధారం చేసుకుని ఇంకెవరో ఇంకేదో లెక్క వేస్తారు. ఒక పురుగు పేరు తప్పయితే ఏం కొంప మునుగుతుంది అనేవారికి ఇదే జవాబు.

బంక అసలైనదని తేలాక దాన్ని చూడగలిగేలా చేయాలి. బంక ముద్ద గుండ్రంగా ఉంటే లోపలి పురుగు వంకరగా, సాగినట్టుగా కనిపిస్తుంది. నిండు గ్లాసులో చెంచా విరిగినట్టు కనిపించడం లాంటిదే. అందుకని సన్నని రంపంతో పురుగుకు వీలైనంత దగ్గరగా కోసి, తడిపిన గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, వీపు వైపు, పొట్ట వైపు, పక్క వైపు చదునైన కిటికీలు తీస్తారు. పైన ఒక చుక్క గ్లిసరిన్ వేసి పలుచని గాజు బిళ్ల కప్పితే గీతలు మాయమై లోపల తేటగా కనబడుతుంది. పంచదార పాకం వాడేవారూ ఉన్నారు. ఈ పని స్వర్ణకారుడి పని లాంటిదే. ఒక్క క్షణం చేయి ఎక్కువైతే కోట్ల ఏళ్లు నిలిచిన కాలు పొడైపోతుంది. పైగా ఒకే ముక్కలో పెంకు పురుగు పక్కనే సాలీడో, పూరేకో ఉంటే ఏ వైపు కోయాలన్నది పెద్ద తర్జనభర్జన.

బాల్టిక్ అంబర్‌లో మరో చిక్కు ఉంది. పురుగు కుళ్లేటప్పుడు వచ్చిన తేమ, వాయువుల వల్ల ఒంటి చుట్టూ పాలమీగడ లాంటి తెల్లని పొర ఏర్పడుతుంది. కావలసిన భాగం సరిగ్గా ఆ పొర కిందనే ఉంటుంది! ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసినట్టే, అంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా ఎక్స్ కిరణాలతో స్కాన్ చేసే పద్ధతి వచ్చాక ఈ ఇబ్బంది చాలా తగ్గింది. పురుగును తాకకుండానే కంప్యూటర్‌లో దాన్ని బంకలోంచి బయటికి తీసి, తిప్పి, పొట్ట కింద చూడవచ్చు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న సింక్రోట్రాన్ లాంటి చోట్ల ఇంకా తీక్షణమైన కిరణాలతో చూస్తారు.

ఇక అసలు చదువు మొదలవుతుంది. రంగు, పరిమాణం చూసి పేరు చెప్పేవాడు ఈ విద్యలో మొదటి మెట్టు కూడా ఎక్కనట్టే. బంకలో రంగులు మారిపోతాయి. చాలా పురుగులు నల్లగానో గోధుమ రంగులోనో మిగులుతాయి. చూడవలసినవి కీళ్లూ అతుకులూ.

మొదట ఇది పెంకు పురుగేనా అన్నది తేల్చాలి. నల్లి వర్గపు పురుగులకు కూడా ముందు రెక్క గట్టిగా ఉంటుంది, కానీ రెక్కలు తిన్నగా కలవకుండా ఒకదాని మీద ఒకటి పడతాయి, నోరు సూదిలా ఉంటుంది. పెంకు పురుగులకు కొరికే దవడలు ఉంటాయి. కొన్ని పెంకు పురుగులకు పెంకులు మరీ పొట్టివి, చాలీచాలని చొక్కా వేసుకున్నట్టు పొట్ట అంతా బయటే ఉంటుంది. వీటిని చూసి వేరే వర్గం అనుకునే ప్రమాదం ఉంది. పొట్ట చివర పటకారు లేకపోతే అది పెంకు పురుగే కావచ్చు.

తర్వాత పొట్ట వైపు తిప్పాలి. పెంకు పురుగుల్లో ఈనాడు నాలుగు పెద్ద శాఖలున్నాయి: ఆర్కోస్టెమాటా, మిక్సోఫాగా, అడెఫాగా, పోలీఫాగా. అడెఫాగాలో, అంటే నేల మీద పరుగెత్తి వేటాడేవి, నీటిలో ఈదేవి ఉన్న శాఖలో, వెనక కాలి మొదటి ముక్క కదలకుండా ఒంటికి అతుక్కుని, పొట్ట మొదటి పలకను రెండుగా చీలుస్తుంది. పోలీఫాగాలో ఆ పలక చీలదు. ఈ ఒక్క గుర్తుతో సగం దారి తెలిసిపోతుంది, ఎందుకంటే పెంకు పురుగుల్లో వందకు తొంభై దాకా పోలీఫాగావే. ఆర్కోస్టెమాటా పెంకుల మీద జాలీ కిటికీల్లా వరుస వరుసలుగా గళ్లుంటాయి. ఈనాడు అవి నలభై, యాభై జాతులకు మించి లేవు గానీ పాత అంబర్‌లో మళ్లీ మళ్లీ తగులుతాయి. మిక్సోఫాగా మరీ చిన్నవి, నాచులో బతుకుతాయి.

ఆపైన పాదాలు. పురుగు పాదానికి చిన్న చిన్న కణుపులుంటాయి. ముందు, నడిమి, వెనక కాళ్లకు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టి 5-5-5 అనో 5-5-4 అనో రాస్తారు. మన పిండి పురుగుది 5-5-4. దాని బంధువర్గంలో చాలావరకు అంతే, వెనక కాలికి ఒకటి తక్కువ. ఆకులు తినే పెంకు పురుగులకు, పొడుగు మీసాల పురుగులకు, ముక్కు పురుగులకు నాలుగే ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఐదు, ఒకటి మరీ చిన్నదై పక్క కణుపు చాటున దాగి ఉంటుంది. బంకలో ఒక బుడగ సరిగ్గా అక్కడే ఉంటే? లెక్క తప్పుతుంది, కుటుంబం తప్పుతుంది. అందుకే మంచి పరిశోధకుడు ఆరు పాదాలూ చూసేదాకా సంతకం పెట్టడు.

మీసాలు మరో గుర్తు. పేడ పురుగు వర్గానికి మీసం కొస పుస్తకపు పేజీల్లా విచ్చుకుంటుంది. ఈనాటి ముక్కు పురుగుల్లో అత్యధిక భాగానికి మీసం మోచేయిలా వంగి ఉంటుంది. కానీ ముక్కు పురుగుల్లో పాత వంశాలకు మీసం తిన్నగా ఉంటుంది. ఇలాంటి తేడాలే కాలాన్ని చూపిస్తాయి.

ఇన్ని గుర్తులు కలిసినా ఒక్కోసారి తిరకాసు మిగులుతుంది. పాత పురుగుకు ఈనాటి కుటుంబం గుర్తులు పదింటిలో ఏడు ఉంటాయి, మూడు ఉండవు. అప్పుడేం చేయాలి? దీనికి మన ఇళ్లలోని షజరాను తలచుకుంటే సులభంగా అర్థమవుతుంది. షజరా అంటే చెట్టు అనే కదా. మీ ముత్తాతకు ఒక అన్నగారు ఉన్నారనుకోండి. ఆయనకు ఇంటి ముక్కు వచ్చింది గానీ, తాతగారి నుంచి మొదలైన ఉంగరాల జుట్టు ఆయనకు లేదు. ఆయన సంతానం అక్కడితో ఆగిపోయింది. ఆయన మీ షజరాలో ఉన్నారు, కానీ మీకు పూర్వీకుడు కాదు. ఈనాడు బతికున్న మీ అందరికీ ఉమ్మడి పెద్ద అయిన తాత కంటే ముందే ఆయన కొమ్మ విడిపోయింది. అంబర్‌లోని పురుగుల్లో చాలా వాటి స్థానం ఇదే. ఈ 'ముత్తాత అన్న'ను తీసుకొచ్చి మనవళ్ల మధ్య కూర్చోబెడితే, ఆ కుటుంబం అంతా ఉన్న వయసు కంటే పాతదని తేలుతుంది. జన్యువుల తేడాలతో జీవుల వయసు కట్టే లెక్కలకు ఇలాంటి శిలాజాలనే గడియారం ముల్లుగా పెట్టుకుంటారు. కాబట్టి తప్పు ఒక పురుగుతో ఆగదు.

సరిగా చదివితే ఎంత తెలుస్తుందో మూడు ఉదాహరణలు చెబుతాం. మూడూ మయన్మార్ ఉత్తరాన కచిన్ రాష్ట్రంలోని హుకాంగ్ లోయ అంబర్‌లో దొరికినవే, వయసు 9 కోట్ల 90 లక్షల సంవత్సరాలు.

2018లో చెన్యాంగ్ కాయ్ బృందం క్రెటోపారాకుకుజస్ సైకడోఫిలస్ అనే చిన్న పురుగును వర్ణించింది. దాని దవడల మొదట్లో నూగు ఉన్న గుంతలున్నాయి, పుప్పొడి మోయడానికి సరిపోయేలా. దాని వెంట సైకాస్ వర్గపు మొక్కల పుప్పొడి కూడా దొరికింది. మన తోటల్లో ఈతచెట్టు పిల్లలా పెంచుకునే సైకాస్ ఆ వర్గానిదే. ఈ పురుగు దగ్గరి చుట్టం ఈనాడు ఆస్ట్రేలియాలో అదే వర్గపు మొక్కల మీద అదే పని చేస్తోంది. కీళ్లూ దవడలూ చూసి వేసిన చుట్టరికపు అంచనాను పుప్పొడి వచ్చి సాక్ష్యం చెప్పినట్టయింది.

2019లో వర్ణించిన ఆంజిమోర్డెల్లా బర్మిటినా ఇంకా ముచ్చటైనది. వీపు వంగిన, గెంతే జాతి పూల పురుగు. మన పిండి పురుగుకు దూరపు చుట్టమే, పాదాల లెక్క 5-5-4. దాని ఒంటి మీద, చుట్టూ 62 పుప్పొడి రేణువులు లెక్కపెట్టారు. అవి పూలు పూసే మొక్కలవి. అంతకుముందు కీటకం, పువ్వు పుప్పొడి కలిసి దొరికిన నేరు సాక్ష్యం దాదాపు 5 కోట్ల ఏళ్ల దగ్గరే ఆగిపోయింది. ఈ ఒక్క పురుగుతో అది రెట్టింపు వెనక్కి వెళ్లింది.

మూడోది 2021లో వర్ణించిన క్రెటోఫెంగోడెస్ అజారి. మిణుగురుల బంధువర్గం. మెత్తని ఒళ్లు గల ఈ పురుగులు శిలాజాలుగా మిగలడమే అరుదు. దీని పొట్ట చివర వెలుగునిచ్చే అవయవం కూడా నిలిచి ఉంది. గుర్తులు ఈనాటి ఏ కుటుంబంలోనూ పూర్తిగా ఇమడక దానికి కొత్త కుటుంబమే కట్టారు. ఇమడనిదాన్ని బలవంతాన ఉన్న ఇంట్లో తోయకపోవడమే సరైన పని అని మా అభిప్రాయం.

ఇక్కడ చాలామంది అడిగేది: అంత చక్కగా నిలిచిన పురుగులోంచి డీఎన్ఏ తీస్తే ఈ లెక్కపెట్టడాల బాధ ఉండదు కదా? 1993 జూన్‌లో సరిగ్గా అదే వార్త వచ్చింది. లెబనాన్ అంబర్‌లోని 12 నుంచి 13.5 కోట్ల ఏళ్ల ముక్కు పురుగు నుంచి డీఎన్ఏ తీశామని నేచర్ పత్రికలో ప్రచురించారు. పురుగు పేరు లిబనోరైనస్ సక్సినస్, పైన చెప్పిన తిన్నని మీసాల పాత వంశం. ఆ వారమే 'జురాసిక్ పార్క్' సినిమా కూడా విడుదలైంది. ఇంక చెప్పేదేముంది, లోకమంతా నమ్మింది. కానీ 1997లో లండన్ మ్యూజియం పరిశోధకులు ఎంత ప్రయత్నించినా అంబర్ కీటకాల్లో పాత డీఎన్ఏ దొరకలేదు. 2013లో అంబర్ కంటే ఎంతో చిన్న వయసున్న కోపాల్‌లోని తేనెటీగలను పరీక్షించినా ఫలితం లేదు. మొదట దొరికింది ప్రయోగశాలలో చొరబడిన ఈనాటి డీఎన్ఏ అయి ఉంటుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. పురుగు మాత్రం అలాగే ఉంది, దాని మీసాలూ అలాగే ఉన్నాయి. వాటిని చూసి పెట్టిన పేరు ఇప్పటికీ నిలిచింది.

వయసు సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి. బంకను చూసి దాని వయసు చెప్పలేం. అది ఏ మట్టి పొరలో ఉందో ఆ పొర వయసు కట్టాలి. హుకాంగ్ అంబర్ గురించి 1890లలోనే భారత భూవిజ్ఞాన సర్వే అధికారి నోట్లింగ్ రాశాడు, అప్పుడు బర్మా మన దేశంలో భాగంగానే పాలించబడేది. ఆయన దాన్ని చాలా తక్కువ వయసుదనుకున్నాడు. 1917 ప్రాంతంలో కాకరెల్ అందులోని కీటకాల పాత పోకడలు చూసి, ఇది డైనోసార్ల కాలపుది కావచ్చునని అనుమానించాడు. 2012లో ఆ పొరలోని జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి 9 కోట్ల 90 లక్షలని తేల్చారు. మట్టిని కొలవక ముందే పురుగులు నిజం చెప్పాయి. పురుగుల భాష తెలిసినవాడు ఒకడు వాటిని చూడటమే అందుకు కారణం.

ఇక పేరు పెట్టడం. లిన్నేయస్ 1758 నుంచి నడుస్తున్న రెండు మాటల పేరే ఇప్పటికీ పద్ధతి. కొత్త జాతికి పేరు పెట్టినవారు ఒక నమూనాను మూలసాక్షిగా ప్రకటించాలి. మా దృష్టిలో పేరు కంటే ముఖ్యమైనది ఇదే. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్లి ఆ ముక్కనే చూడగలగాలి. ఆ ముక్క ఒక ధనవంతుడి బీరువాలో తాళం వేసి ఉంటే, పత్రికలో రాసింది చదివి తలూపడం తప్ప చేయగలిగింది లేదు. 2020లో నేచర్‌లో 'అతి చిన్న పక్షి' అని వచ్చిన హుకాంగ్ అంబర్ తల ఒకటి, అలాంటిదే రెండో నమూనా బయటపడటంతో బల్లి అని తేలి, కొన్ని నెలల్లోనే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. రెండోది చూడగలిగారు కాబట్టే తప్పు దిద్దగలిగారు.

హుకాంగ్ లోయ పేరెత్తాక అక్కడి మనుషుల గురించి చెప్పకుండా పురుగుల గురించి మాత్రమే చెప్పడం మాకు సమ్మతం కాదు. ఆ గనులు మనిషి పట్టేంత ఇరుకైన లోతు గుంతలు. దశాబ్దాలుగా అక్కడ కచిన్ సాయుధ దళాలకూ మయన్మార్ సైన్యానికీ మధ్య పోరు నడుస్తోంది. 2017 జూన్‌లో సైన్యం గనుల ప్రాంతాన్ని ఖాళీ చేయమని ఆకాశం నుంచి కరపత్రాలు చల్లింది. వేలమంది ఇళ్లు వదిలి పోయారు. ఆ తర్వాత గనులు సైన్యం చేతికి వచ్చాయి. తవ్విన అంబర్ చాలావరకు సరిహద్దు దాటి చైనాలోని టెంగ్‌చాంగ్ బజారుకు చేరుతుంది. మయన్మార్ చట్టం శిలాజాలను దేశం దాటించవద్దంటుంది, అంబర్ మాత్రం ఆభరణపు రాయి లెక్కలో వెళ్లిపోతుంది. లోపల పురుగుంటే అది శిలాజమా, ఆభరణమా? ఎవరికి కావలసిన జవాబు వారు చెప్పుకుంటున్నారు. 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం, 2017 తర్వాత అక్కడినుంచి వచ్చిన అంబర్ మీద వ్యాసాలు ప్రచురించవద్దని పత్రికలను కోరింది. కొందరు ఒప్పుకున్నారు. ఇంకొందరు, మనం చదవకపోతే అవి పూసలుగా చెక్కబడి ఎప్పటికీ పోతాయన్నారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. మాకు తోచేది ఇది: ఏ ముక్క ఎప్పుడు, ఎవరి నుంచి కొన్నదో వ్యాసంలో రాయాలి, రాయలేనిదాన్ని అచ్చువేయకూడదు. హలాల్ సంపాదన గురించి మనం అంగడిలో అడిగే ప్రశ్న ప్రయోగశాలలో అడగకూడదని ఎక్కడా లేదు.

యుద్ధం లేని చోట, మన దేశంలోనే, అంబర్ ఉంది. గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికే దీని వయసు 5 కోట్ల సంవత్సరాలకు పైమాట. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థవారు, గఢ్వాల్ విశ్వవిద్యాలయంవారు, జర్మనీ, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2010లో దీని మీద పెద్ద వ్యాసం రాశారు. 700కు పైగా చిన్న జీవులు అందులో కనిపించాయి. భారత భూభాగం ఆఫ్రికా నుంచి విడిపోయి ఆసియాకు తగిలేదాకా కోట్ల ఏళ్లు సముద్రంలో ఒంటరి ద్వీపంగా ఉందని చదువుకున్నాం. అలాగైతే ఇక్కడి పురుగులు ఎక్కడా లేని వింత రకాలై ఉండాలి. కానీ వాటి చుట్టాలు యూరప్ అంబర్‌లోనూ, ఆసియాలోనూ కనిపించాయి. అంటే పూర్తిగా తగలకముందే రాకపోకలు మొదలయ్యాయన్నమాట. ఈ నిర్ణయమంతా ఎవరు ఎవరి చుట్టం అన్న వర్గీకరణ మీదే ఆధారపడి ఉంది.

ఆ బంక కార్చిన చెట్లు గుగ్గిలం చెట్ల కుటుంబానివి. మన శేషాచలం, కడప కొండల్లో పెరిగే తంబజాలారి కూడా ఆ కుటుంబమే. వస్తాన్ అంబర్‌కు ఒక మంచి గుణం ఉంది, అది కొన్ని ద్రావకాల్లో కరుగుతుంది. మిగతా చోట్ల అంబర్ అలా కరగదు. కాబట్టి ఓపిక ఉంటే పురుగును బంకలోంచి బయటికే తీసి పొట్ట కింద చూడవచ్చు. అయితే ఆ గనిని తవ్వేది పురుగుల కోసం కాదు, విద్యుత్ కేంద్రం కోసం. ఏరుకున్నది ఏరుకోగా మిగిలినది లిగ్నైట్‌తో పాటు కొలిమిలోకి పోతుంది.

చివరగా, మీ ఇంట్లో పాత కహ్రుబా పూసల్లో ఏదైనా పురుగు కనిపిస్తే చేయవలసినవి చిన్నవే. అత్తరు, స్పిరిట్, సబ్బు తగలనీయకండి. ఎండలో, దీపం పక్కన పెట్టకండి, పగుళ్లు వస్తాయి. మెత్తని నూలుగుడ్డలో చుట్టి చీకటి పెట్టెలో ఉంచండి. ఎవరు, ఏ సంవత్సరంలో, ఏ ఊరి నుంచి తెచ్చారో ఇంటి పెద్దల్ని అడిగి కాగితం మీద రాసి దానితోనే పెట్టండి. దగ్గర్లోని కళాశాల జంతుశాస్త్ర విభాగంలో సూక్ష్మదర్శిని కింద ఒకసారి చూపించండి. ముందు పాదాల కణుపులు లెక్కపెట్టమని చెప్పండి.